మక్‌గడిక్‌గడికి మూడు పెనాలు

"ఇనప్పెనం పెట్టావా, నాన్‌స్టిక్‌దా?" హాల్లోంచి అడిగారు శాంతమ్మగారు.

వారం రోజుల్లో ఆఫ్రికాకి సింహాలను చూడ్డానికి వెళ్తున్న కోడల్ని అత్తగారు అడగవలసిన ప్రశ్న ఇదేనా అని మీనాక్షికి అనిపించింది. కానీ అనిపించినవన్నీ పైకి అనే అలవాటు ఆమెకింకా అబ్బలేదు.

"రెండూ పెట్టానత్తయ్యా."

"మూడుండాలే! కాగితంలో మూడు చోట్ల రాశారుగా."

ఆ కాగితం సఫారీ కంపెనీ పంపిన ప్రయాణ వివరం. బోట్స్వానాలో మొదట ఒక పాన్, తర్వాత ఇంకో పాన్, చివర మక్‌గడిక్‌గడి సాల్ట్ పాన్ అని అందులో ఉంది. పాన్ అంటే అక్కడ ఎప్పుడో సరస్సు ఎండిపోగా మిగిలిన ఉప్పు మైదానం. శాంతమ్మగారికి మాత్రం పాన్ అంటే పెనమే. ఎంత శ్రద్ధ గల కంపెనీయో, మర్చిపోతామేమోనని మూడుసార్లు గుర్తుచేసిందని మెచ్చుకుని, దోసెలకొకటి, చపాతీలకొకటి, గుంతపొంగనాలకొకటి దగ్గరుండి తీయించారు. "నానమ్మా, ఇట్స్ ఎ ప్లేస్!" అని కాలేజీ చదువుతున్న మనవరాలు కావ్యశ్రీ పొట్ట పట్టుకుని నవ్వింది. మీనాక్షి మొగుడు పాండురంగ నవ్వలేదు. "ప్లేస్ అయితే అయింది. పెనాలు ఎలాగూ కావాలిగా" అన్నాడు.

అక్కడ ఎక్కబోయే చిన్న విమానంలో మనిషికి పదిహేను కిలోల సామానే. బాత్‌రూమ్‌లో ఒళ్ళు తూచుకునే మిషన్ మీద పెడితే మీనాక్షి బ్యాగు పద్నాలుగున్నర తూగింది. పెనాలు, రైస్ కుక్కరు, కందిపొడి, గోంగూర పచ్చడి, ఇంగువ డబ్బా. మిగిలిన అరకిలోలో మీనాక్షి సర్దుకోవాలి. "నీ బట్టలెంతలే, నాలుగు టీషర్టులు" అన్నాడు మొగుడు, తన బ్యాగులో కెమెరాకి మూడో లెన్సు పెట్టుకుంటూ.

ఇది కొత్తేం కాదు. ఈ మంచు దేశానికి, ఎడ్మంటన్ ఊరికి వచ్చి పద్దెనిమిదేళ్ళయింది, ఏ ఊరు వెళ్ళినా ఆమె చూసేది ఆ ఊరి పొయ్యినే. బాన్ఫ్‌లో ఎలక్ట్రిక్ కాయిల్, విక్టోరియాలో గ్యాస్. జాస్పర్ వెళ్ళినప్పుడైతే అందరూ ఎలుగుబంటిని చూశారు. ఆ సమయానికి ఆమె కేబిన్‌లో పులిహోరకి పోపు వేస్తోంది. పాండురంగ కార్లోంచి ఫోన్ చేసి, "మీనా, ఎలుగు! తల్లీ, రెండు పిల్లలు! భలే మిస్సయ్యావ్!" అని అరిచి, ఆ ఊపులోనే "అన్నట్టు, అయిందా?" అని అడిగాడు. ఆల్బమ్‌లో ఆ ట్రిప్పు ఫోటోలు అరవై ఉన్నాయి. ఒక్కదాంట్లో మాత్రం మీనాక్షి చెయ్యి కనిపిస్తుంది, గరిటెతో సహా.

ఈ ప్రయాణం ఆమె కోరుకున్నది. యూనివర్సిటీ ల్యాబులో ఆమె పని పరీక్షనాళికలు కడిగించడం, లెక్క చూడడం, సర్దించడం. ఒకరోజు టీ వేళ ఫోన్లో వీడియో చూసింది. చుట్టూ ఎటు చూసినా తెల్లటి నేల. చెట్టు లేదు, గోడ లేదు. సింకు లేదు. తుడవాల్సింది, ఆరబెట్టాల్సింది, మడతపెట్టాల్సింది కనుచూపు మేరలో ఏదీ లేదు. దాని మధ్యలో ఒక మనిషి ఊరికే నిలబడి ఉంది, ఎవరూ ఆమెనేమీ అడగడం లేదు. మీనాక్షి ఆ వీడియో మళ్ళీ మొదట్నుంచి పెట్టుకుంది. ఒక్కసారి అక్కడ నిలబడాలి అనుకుంది. రెండేళ్ళపాటు జ్వరమొచ్చినా సెలవు వాడకుండా దాచుకుంది. "ఉప్పు చూడ్డానికి అంత దూరమెందుకు? చలికాలమంతా మంచు కరగడానికి డ్రైవ్‌వేలో మనం చల్లేదేగా" అని పాండురంగ జోకు వేస్తే, "చల్లేది నేనండీ" అంది. ఆయనకు జోకు అర్థం కాలేదు. అది జోకు కాదు కూడా.

పెనాలు సర్దిన మర్నాడు కంపెనీ నుంచి ఖరారు ఉత్తరం వచ్చింది. కావ్యశ్రీ ల్యాప్‌టాప్‌లో తెరిచి పైకి చదివింది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"నాన్నా, ఫామ్‌లో ఏం ఫిల్ చేశావ్?"

"అన్నీ కరెక్ట్‌గానే రాశా. ఏం?"

"ఇట్ సేస్ త్రీ గెస్ట్స్. అండ్ వన్ కుక్."

మీనాక్షి చెయ్యి తుడుచుకుని వచ్చి తనే చదువుకుంది. అతిథులు ముగ్గురు, పాండురంగ, శాంతమ్మ, కావ్యశ్రీ. వెంట వచ్చే వంటమనిషి ఒకరు, మీనాక్షి. వంటమనిషికి బస వంటశాల వెనక సిబ్బంది గుడారంలో. అతిథులు ఉప్పు మైదానానికి వెళ్ళినప్పుడు వంటమనిషి క్యాంపులోనే ఉండి భోజనం సిద్ధం చేయాలి.

"మీతో వంటమనిషి వస్తున్నారా అని అందులో అడిగారు" అన్నాడు పాండురంగ, చెవి గోక్కుంటూ. "గుజరాతీలు తెచ్చుకుంటారంట. నువ్వెలాగూ చేస్తావు కదాని టిక్ పెట్టా. అబద్ధమేం రాయలేదుగా!"

"గుడారం వేరేనా?" శాంతమ్మగారు నిజంగానే కంగారుపడ్డారు. "మరి పొద్దున్నే కాఫీ ఎట్లా?"

మీనాక్షికి కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ దాని వెనకే కింది వాక్యం కంటపడింది. వంటమనిషికి రోజూ మధ్యాహ్నం రెండు గంటల విశ్రాంతి, వారానికొక రోజు పూర్తి సెలవు తప్పనిసరి, అతిథులు దయచేసి సహకరించగలరు. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు, ఈ సంగతి ఆమె కోసం ఇంతవరకూ ఎవరూ ఎక్కడా రాయలేదు. ఒక్క నిమిషం, నిజంగా ఒక్క నిమిషం, వంటమనిషిగానే వెళ్దామా అనుకుంది. తర్వాత ఆ తెల్లటి నేల గుర్తొచ్చింది. దాని అంచు దాకా వెళ్ళి పోపు వేసుకుంటూ కూర్చోవడమా? మళ్ళీ ఇంకో ఎలుగుబంటా?

గదిలోకి వెళ్ళి బ్యాగు తెరిచింది. కుక్కరు, ఇంగువ, మూడు పెనాలు ఒక్కొక్కటే తీసుకొచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. ఇనప్పెనం పెట్టినప్పుడు చప్పుడు కాస్త గట్టిగానే అయింది.

"అదేంటమ్మాయ్, తీసేస్తున్నావు?"

"అక్కడే ఉందత్తయ్యా. చాలా పెద్దది."

పాండురంగ వెనకాలే తిరుగుతున్నాడు. "తప్పయింది మీనా, ఇప్పుడే మెయిల్ పెట్టి మార్పిస్తా. నిన్ను కూడా గెస్టు చేయిస్తా, సరేనా? కాకపోతే వంట మాత్రం... అమ్మ బ్రెడ్డు తినదు కదా..."

"మార్పించడం నేను చేస్తాలెండి" అంది మీనాక్షి.

కావ్యశ్రీ లేచి కుర్చీ ఇచ్చింది. మీనాక్షి కూర్చుని, కళ్ళజోడు సవరించుకుని, కంపెనీకి ఇంగ్లీషులో జవాబు కొట్టింది. దానికి తెలుగు ఇది:

"అయ్యా, మా వంటమనిషి మానేసింది. ఆమె స్థానంలో ఒక అతిథి వస్తున్నారు. పేరు మీనాక్షి. విమానంలో ఆవిడకు కిటికీ పక్క సీటు కావాలి."