వాచీకి పట్టిన నిద్ర

"ఇవాళ కూడా ఫెయిలే," అన్నాడు భర్త, టీ తాగుతూ ఫోను చూసి.

ఫెయిలైంది ఆమె నిద్ర. ఆమె రాత్రంతా ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసి పగలు పడుకునే మనిషి. పెళ్ళిరోజు కానుకగా ఆయన ఆమె చేతికో వాచీ కట్టాడు. అది ఆమె నిద్రకు మార్కులేసి, నేరుగా ఆయన ఫోనుకి చాడీలు చెబుతుంది. ఆ ఇంట్లో చాడీలకేదో కొరత వచ్చినట్టు.

"పడుకోవడం కూడా చేతకాకపోతే ఎలాగోయ్? నెలాఖరుకి మార్కులు పెరగకపోతే ఆ ఉద్యోగం మానేద్దువుగాని. నీ మంచికే."

"పట్టపగలు పడుకునే ఆడదాన్ని నా జన్మలో చూళ్ళేదు," అంది అత్తగారు, అప్పుడే మధ్యాహ్నం కునుకు తీసి లేచి, ఆవలిస్తూ.

ల్యాబంటే ఆమెకి ప్రాణం. అక్కడి రక్తం సీసాలు ఎంత బుద్ధిమంతులంటే, ఒక్కటంటే ఒక్కటి "నా తువ్వాలెక్కడ?" అనదు. పోనీ నిద్ర రాదా అంటే, దిండు కనిపిస్తే చాలు, నిలబడే నిద్రపోగలదు. కానీ తలుపు కొడితే లేవాల్సింది ఆమే, టీవీ రిమోటు దాక్కుంటే వెతకాల్సింది ఆమే. ఈలోపు ఆఫీసు నుంచి ఆయన ఫోను: "పడుకున్నావా? సరే సరే, పడుకో. నా నీలం చొక్కా ఇస్త్రీకిచ్చావా?" చివరికి ఆ వాచీ కూడా, కళ్ళు మూతపడగానే గిలగిలా కొట్టుకుని 'లేచి నాలుగడుగులు వేయండి' అనేది. అత్తగారికి మూడో చెయ్యి మొలిచినట్టుండేది. తన నిద్రని ఇంటిల్లిపాదీ పంచుకు తినేసి, ఖాళీ పళ్ళెం తన ముందుకి తోసి, ఎందుకు తినలేదని నిలదీస్తున్నారు. అదీ ఆమెకి మింగుడుపడనిది.

ఆదివారం మధ్యాహ్నం అత్తగారి కేకకి లేచి హాల్లోకొచ్చేసరికి, భర్త సోఫాలో గురక పెడుతున్నాడు. ఆ గురక దెబ్బకి పైన ఫ్యాను తిరగడానికి మొహమాటపడుతోంది. ఆమె కాసేపు చూసింది. తన వాచీ విప్పి మెల్లగా ఆయన చేతికి కట్టింది. ఆయన లేవబోయే ముందు విప్పి, మళ్ళీ తను పెట్టుకుంది.

సాయంత్రం ఆయన ఫోను చూసి సోఫాలోంచి ఎగిరినంత పని చేశాడు.

"తొంభై ఆరు! అమ్మా, ఇది ఒక్కసారి కూడా లేవలేదే! మనసు పెడితే నిద్ర అదే వస్తుందని చెప్పానా లేదా?"

"నీ మొహం. నాలుగుసార్లు నేనే లేపాను కదరా," అంది అత్తగారు. "కళ్ళజోడుకోసారి, మంచినీళ్ళకోసారి, పక్కింటావిడొచ్చిందని ఓసారి... నాలుగోసారి ఊరికే. పడుకుందేమోనని."

భర్త మళ్ళీ ఫోనులోకి చూశాడు. "గురక కూడా ఉంది..." అని గొణిగి ఆగిపోయాడు. తనకి గురకే రాదని పెళ్ళైనప్పటి నుంచీ ఆయన వాదన.

"అది మీ నిద్రండీ," అంది ఆమె. "ఎవరూ లేపకపోతే మనిషి అలా పడుకుంటాడన్నమాట. వాచీ మంచిదే."

మర్నాడు డ్యూటీ నుంచి రాగానే ఆమె వాచీ విప్పి సోఫా మీద పెట్టింది. పక్కనే తన ఫోను కూడా పెట్టింది. పడకగది తలుపుకి లోపల గడియ ఉంది. ఆమెకి రాత్రి డ్యూటీలు మొదలయ్యాక దాన్ని ఎవరైనా వేయగా ఆ ఇల్లు చూడలేదు. తుప్పుపట్టి కదల్లేదు. చెప్పు తీసి రెండు దెబ్బలేసింది. పడింది.

"ఏంటే ఆ చప్పుడు? ఏం చేస్తున్నావ్ లోపల?" అంది అత్తగారు బయటి నుంచి.

"నిద్రపోతున్నానత్తయ్యా."