పల్చని బొంత

ఆటో ఆగేలోపే లక్ష్మణమ్మ సూదిలో దారం ఎక్కించేసింది. గతుకుల రోడ్డు మీద, ఒక భుజాన మొగుడు వాలి మూలుగుతుంటే, సూది బెజ్జంలోకి దారం దూర్చడమంటే సర్కసువాళ్లకైనా కష్టమే. కానీ ఆమె పొందూరు వైపు నేతింట పుట్టిన మనిషి. మగ్గం పోయింది, మగ్గం గుంట పూడిపోయింది, వేళ్లు మాత్రం ఇంకా పని వెతుక్కుంటూనే ఉన్నాయి.

"దిగు మావా, వొచ్చీసేం," అంది.

"అత్తోరింటికి వొచ్చినట్టు సెప్తన్నావే," అన్నాడు నూకయ్య కదలకుండా. "ఇయ్యాల్టితో సరి. ఇంక నాను రాను. ఆ సలి నావల్ల కాదు."

"మంగళారమూ ఇదే మాటన్నావు."

"మంగళారం ఉత్తినే అన్నాను. ఇయ్యాల నిజం."

నిజమేనని ఆమెకు తెలుసు. అందుకే వినబడనట్టు సంచీ అందుకుని ముందు తను దిగింది.

నూకయ్య ఒకప్పుడు కొబ్బరిచెట్లెక్కేవాడు. ఉద్దానంలో అతనెక్కని చెట్టు లేదు. ఇప్పుడు అతని మీదికెక్కని రోగమూ లేదు. చెట్లెక్కి కాయలు దింపీ దింపీ అతని ఛాతీయే కాయలు కాసింది. ఆ నల్లటి మచ్చలు అలాగే ఉన్నాయి, వాటి కింద ఉండాల్సిన కండలే లేవు. పాదాలు ఉబ్బాయి. మొహం మసిబారింది. ఎడమచేతి మీద, సూదులు గుచ్చే చోట, నరం కొబ్బరితాడులా లేచి ఉంటుంది. ఇన్ని తోటల కాయలు నేలకు దింపిన మనిషికి గుక్కెడు కొబ్బరినీళ్లు గొంతు దింపుకునే యోగం లేదు. కిడ్నీలు పోయినవాడికి అది విషమన్నారు డాక్టర్లు.

మంగళవారం, శుక్రవారం ఆసుపత్రి డయాలసిస్ గదిలో అతని రక్తం గొట్టాల్లోంచి మిషనులోకి పోయి, కడుక్కుని, తిరిగొస్తుంది. పోయేటప్పుడు వెచ్చగా పోయినది వచ్చేటప్పుడు చల్లగా వస్తుంది. పైన ఏసీ. గంట గడిచేసరికి వలలు లాగిన మగాళ్లు, జీడితోటలు కాసిన మగాళ్లు, వానలో తడిసిన కోడిపిల్లల్లా వణుకుతారు.

అందుకే ఆ గది బయటి వరండాలో బొంతలు పుట్టాయి. లోపల మగవాళ్లకు సూదులు, బయట ఆడవాళ్లకు సూదులు. లోపలివాళ్లకు ప్రాణం గొట్టంలో, బయటివాళ్లకు ప్రాణం దారంలో. ఎవరి ఆధారం వారిది.

మొదలుపెట్టింది ఎలీసమ్మ. మిషనరీ చర్చిలో ఆడవాళ్లకు కుట్టు నేర్పిన మనిషి. ఆమె నోరూ కుట్టుమిషనే, తొక్కినా తొక్కకపోయినా ఆగదు. ఆమె భర్త అందరికంటే ముందునుంచీ ఇక్కడికొస్తున్నాడు. పాత నూలు చీరలు పొరలు పొరలుగా పరిచి, చీమల బారులాంటి కుట్లతో బొంత కుట్టి, సూదులున్న చెయ్యి బయటికి పెట్టుకోవడానికి పక్కన ఒక కంత వదిలింది. అది చూసి మిగతా ఆడవాళ్లు తలో చీరా తెచ్చారు. కుట్టేటప్పుడు వాళ్లు నవ్వే నవ్వులకు లోపల్నుంచి నర్సు షీబా వచ్చి గదమాయిస్తుంది. మొగుడు ఉంటాడో పోతాడో తెలియనివాళ్లకు ఇంత నవ్వెలా వస్తోందని కొత్తగా వచ్చినవాళ్లు విస్తుపోతారు. రెండో వారానికి వాళ్లూ సూది పడతారు, మూడో వారానికి నవ్వుతారు.

ఆ వరండాకు ఒక కట్టుబాటుంది. పోయినవాడి బొంతను కాల్చరు, పారెయ్యరు, దాచుకోరు. అతని పెళ్లాం, బతికుండగా అతను వచ్చే వారం నాడే, ఆఖరిసారి ఆ బొంత పట్టుకుని వస్తుంది. అందరూ చుట్టూ కూర్చుని కుట్లు విప్పుతారు. తలో ముక్కా తీసుకుని, బతికున్నవాళ్ల బొంతలకు అతుకుతారు. అలా ఒక్కో బొంత ఏడాది తిరిగేసరికి బరువెక్కుతుంది, వెచ్చబడుతుంది.

లక్ష్మణమ్మ మాత్రం ఇంతవరకు ఒక్క ముక్కా తీసుకోలేదు. తండ్రి నేసిన రెండు పంచెలు, పెళ్లికి ముందు తను నేసుకున్న చీర ఒకటి, అంతే ఆమె బొంత. చావు తగిలిన గుడ్డ నూకయ్య ఒంటికి తగలకూడదు. నాలుగు అంచులా తనే కాపలా. ఆ నూలు పోగుపోగూ ఆమెకు తెలుసు; పడుగు పోగు తెగితే తండ్రి ఎక్కడ అతికాడో వేలితో చెప్పగలదు. తెలిసిన నూలు, తెలియని చావును లోపలికి రానివ్వదని ఆమె లెక్క. ఆ లెక్కలోకి నూకయ్య చలి ఒక్కటే రాలేదు.

"అది బొంతటే, దోమతెరా?" అంటుంది ఎలీసమ్మ ప్రతిసారీ.

ఈ శుక్రవారం తవిటమ్మ వంతు. ఆమె భర్త పైడయ్య, నూకయ్య పక్క మంచం. పోయిన వారం ఇంటి దగ్గర పోయాడు. తవిటమ్మ బొంత వరండాలో పరిచి ఒక మూల కూర్చుంది.

"జాగర్తగా ఇప్పండమ్మా," అంది. "గుడ్డ సిరిగిపోతాది."

ఆడవాళ్లు బ్లేడు ముక్కలతో కుట్లు కోస్తున్నారు. లక్ష్మణమ్మ నూకయ్యకు చీరలు కప్పి వచ్చి, అటు వీపు తిప్పి, ఊడిన తన బొంత అంచు బిగించుకుంటోంది. అప్పుడు షీబా తలుపు తీసింది.

"అమ్మా, తాత వొనికిపోతన్నాడు. సూదులు పీకీమని గొడవ. ఇంకేటైనా ఉంటే కప్పండి."

లక్ష్మణమ్మ బొంతతో లోపలికి పరుగెత్తింది. కప్పిన చీరలకింద మంచం కూడా వణుకుతోంది. నూకయ్య పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"తీసీమను," అన్నాడు. "సలికి సచ్చేకంటే ఊరికే సావడం మేలు. ఒక్కసారి ఇంటికాడ పడుకోనీ నన్ను."

"మావా, నా మాటిను."

"నీ మాటే ఇన్నాను ఇన్నాల్లూ. సూడు, ఎలాగున్నానో."

ఆమె చూసింది. నీలి రంగు తిరిగిన గోళ్లు చూసింది. తన పల్చని బొంత చూసింది. చావును రానివ్వకుండా ఆమె కాపలా కాస్తున్న గుమ్మంలోంచి చలి దర్జాగా వచ్చి మంచం మీద కూర్చుంది. ఇంకో మంగళవారం ఈ మనిషి రాడు. రాకపోతే ఏమవుతుందో ఆ వరండాలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

బయటికొచ్చి తవిటమ్మ ముందు చెయ్యి చాపింది.

తవిటమ్మ ఏమీ అడగకుండా, నాలుగు పొరల మందపు ముక్క ఆమె చేతిలో పెట్టింది. ఎలీసమ్మ తన వాటా కూడా దాని మీద పడేసింది. ఒకరి తర్వాత ఒకరు అందరూ పడేశారు.

"సూత్తన్నారేటే?" అరిచింది ఎలీసమ్మ. "తలో అంచూ పట్టండి!"

ఒకే బొంత మీద అన్ని చేతులు. ఒకరి సూది ఇంకొకరి వేలికి గుచ్చుకుంటే ఓలమ్మో అని ఒకరు, ఆ రక్తం మిషనుకి పంపీమని ఇంకొకరు. చిన్న కుట్లకు వేళ లేదు; దూరదూరంగా టాకాలు వేసేశారు. నొక్కిపెట్టిన నవ్వులు, మోకాళ్లకు మోకాళ్లు తగులుతూ, దారం కొరికిన పళ్ల చప్పుడు. లక్ష్మణమ్మకు చిన్నప్పటి నేతిల్లు గుర్తొచ్చింది. పడుగు సాగదీసేటప్పుడు వీధి వీధంతా ఇలాగే ఒక్క నూలుకు వంగేది. లోపల నూకయ్య వణుకుతున్నా, వేళ్లు మాత్రం చాలాకాలం తర్వాత సంతోషంగా ఉన్నాయి. వాటికి బుద్ధి లేదు.

కప్పిన కాసేపటికి నూకయ్య పళ్ల చప్పుడు ఆగింది.

"ఇదెవులిది?" అన్నాడు.

అబద్ధం చెప్పాలనుకుంది. నోరు తిరగలేదు. "పైడయ్యది."

నూకయ్య బొంత గడ్డం దాకా లాక్కున్నాడు. "ఎదవ. బతికున్నన్నాల్లూ పక్క మంచం మీద గురకెట్టి నన్ను నిద్దరోనివ్వలేదు. సచ్చీసి నిద్దరపుచ్చుతన్నాడు."

ఆ పూట మిషను ఆగేదాకా పడుకున్నాడు.

తిరుగు ఆటోలో కూడా బొంత వదల్లేదు. ఆమె భుజమ్మీద తల పెట్టుకున్నాడు. "ఎచ్చగున్నాది," అన్నాడు ఒకసారి. జీడితోటలు దాటుతుండగా ఆ తల బరువు మారింది. మగ్గం మీద పోగు తెగితే నేతగాడికి చూడకుండానే తెలుస్తుంది. ఆమెకూ అలాగే తెలిసింది.

"ఏటి మామ్మా, ఆపీమంటావా?" అన్నాడు ఆటో కుర్రాడు అద్దంలో చూసి.

"వొద్దు బాబూ. పడుకున్నాడు. గతుకులు సూసుకోని పోనీ."

బొంత అతని చెవుల మీదికి లాగి, ఊరు వచ్చేదాకా పట్టుకుని కూర్చుంది.

తర్వాతి మంగళవారం ఒక్కర్తే వచ్చి, బొంత వరండాలో పరిచింది.

"నానే సంపీసేను," అంది. "ఇన్నాల్లూ ఆ గుడ్డని రానివ్వలేదు. ఒక్కసారి రానిచ్చేను, పోనాడు."

"ముక్క సంపుతాదేటే?" అంది ఎలీసమ్మ, కుట్లు కోస్తూనే. "మా ఆయన బొంత నిండా పోయినోల్ల ముక్కలే, సొంత పొరలు ఎప్పుడో సిరిగిపోనాయి. నిన్న సేపల పులుసు కాడ నాతో ఒకటే దెబ్బలాట. నీ మొగుడ్ని కిట్నీ సంపింది. నువ్వు ఎచ్చగా సాగనంపేవు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. హడావుడిగా వేసిన టాకాలు ఒక్క లాగుడుకే వచ్చేశాయి. తండ్రి పంచెల మీది కుట్లు మాత్రం ఒక్కొక్కటే కోయాల్సి వచ్చింది. చెయ్యి పెట్టుకునే కంత దగ్గర, మడత అంచులో, ఎలీసమ్మ వేలికి ఏదో గట్టిగా తగిలింది. లాగితే లక్ష్మణమ్మ ఒళ్లో పడింది. నూకయ్య పొగ ఎప్పుడో మానేశాడని డాక్టరు ముందు ఆమే ఒట్టేసి చెబుతూ వచ్చింది.

"దొంగ సచ్చినోడా," అంది లక్ష్మణమ్మ మెల్లగా.

సగం కాలిన చుట్ట ముక్క. మళ్లీ ముట్టించుకోవడానికి వీలుగా కొసన నిప్పు నలిపి ఆర్పి, ఆకు విడిపోకుండా ఆమె దారపుండలోని తెల్లదారంతో మూడు చుట్లు చుట్టి, ముడేసి ఉంది.