గుండుసూది గుచ్చిన ఆధారం

"మా కోడలికి వారంటు వచ్చిందయ్యా!"

టైలరమ్మ అత్తగారు ఈ మాట అన్నది ఇస్త్రీబండి దగ్గర. అక్కడ పడిన బట్టకు మడతలు పోతాయి గానీ, పడిన మాటకు మాత్రం కొత్త మడతలు వస్తాయి. సాయంత్రం ఆరింటికి "వారంటు" అన్నది ఏడింటికల్లా "రేపు పదింటికి పట్టుకుపోతారట" అయింది. మరో అరగంటకు వీధి చివరి ఇంట్లో ఎవరో "పాపం, ఎన్నేళ్ళు వేస్తారో!" అని నిట్టూర్చారు కూడా.

అసలు జరిగింది ఇది. అత్తగారికి చెవులు రెండున్నాయి. ఒకటి ఎప్పుడో రిటైరైంది. రెండోది సగం జీతం మీద పనిచేస్తోంది. ఆ సగం చెవితో, వంటింట్లో గిన్నెలు తోముకుంటూ, ముందుగదిలో కోడలు ఫోనులో అంటున్న మాటలు ఆవిడ విన్నది.

"వారంటీ లేదంటే ఎలా సారూ? కాగితం మీద సంతకం మీదేగా! రేపు పదింటికా? వస్తాను. నేనేమన్నా పారిపోతానా?"

వారంటీలో దీర్ఘం గిన్నెల చప్పుడులో కొట్టుకుపోయింది. మిగిలినవి వారంటు, సంతకం, పదింటికి, పారిపోవడం. ఈ నాలుగు ముక్కలూ కలిపి కుట్టుకుంటే ఏ అత్తగారికైనా కళ్ళముందు పోలీసే నిలబడతాడు. కోడల్నే అడిగేద్దామనుకుంది. అడిగితే నిజమేనని చెబుతుందేమోనని భయం వేసింది. అందుకని కోడల్ని తప్ప వీధిలో అందరినీ అడిగింది.

ఆ సమయానికి టైలరమ్మ బుర్రలో తిరుగుతున్న చక్రం వేరు. ముందుగదే ఆమె షాపు. గోడకు కొలతల టేపు, బల్ల మీద కత్తెర, సుద్దముక్క, మూలన కత్తిరించి పెట్టిన నలభై యూనిఫాం చొక్కాలు. బడి తెరిచేది సోమవారం. ఇవాళ గురువారం. ఒక బడి ఆమెకు పని ఇవ్వడం ఇదే మొదటిసారి. ఈ నలభై సరిగ్గా అందితే ఏడాది పొడుగునా చేతినిండా పని. అందకపోతే మళ్ళీ పాత బతుకే: ఊడిన జిప్పులు, చిరిగిన జేబులు. జేబులెన్ని కుట్టినా తన జేబు నిండని పని అది.

ఈ పని కోసమే రెండేళ్ళు కూడబెట్టి, ఇరవై రోజుల క్రితం కొత్త మోటారు మిషన్ కొన్నది. వచ్చిన వారానికే మిషన్ తన గుణం చూపించింది. ఆరు కుట్లు వేస్తుంది, ఏడోది ఎగ్గొడుతుంది. "ఏడు రోజుల్లో ఒక రోజు సెలవు మనిషికి కావాలి, సరే. మిషన్‌కు కూడానా?" అనుకుంటూ ఆమె సూది మార్చింది, దారం మార్చింది, నూనె పోసింది. మిషన్ బుద్ధి మాత్రం మారలేదు. కుట్టిన చొక్కాను కాస్త లాగితే చంక దగ్గర పర్రున విడిపోతోంది.

మిషన్ కొన్న షాపుకు మూడుసార్లు వెళ్ళింది. కొన్న రోజున యజమాని కుర్చీ వేసి, కూల్‌డ్రింకు ఇచ్చి, "మన షాపు అనుకోండమ్మా" అన్నాడు. ఫిర్యాదుతో మొదటిసారి వెళితే కుర్చీ ఉంది, కూల్‌డ్రింకు లేదు. రెండోసారి కుర్చీ లేదు. మూడోసారి యజమానే లేడు. ఇవాళ ఫోనులో తేల్చేశాడు: "మందపాటి గుడ్డ కుట్టి ఉంటారు. వాడకంలో లోపం. వారంటీ వర్తించదు. కావాలంటే రేపు పదింటికి తెండి, డబ్బు కడితే బాగుచేయిస్తాం."

లారీ మీద దూరాన ఉన్న భర్తకు ఫోను చేసి చెప్పింది.

"పోనీలేవే. పెద్ద షాపువాళ్ళు. వాళ్ళతో మనకెందుకు గొడవ?" అన్నాడాయన.

"పోనీ, పోనీ అనడానికి ఇది మీ లారీ కాదండీ, నా మిషన్," అని ఫోను పెట్టేసింది.

అన్నదే గానీ, రేపు వెళ్ళి ఏమని వాదించాలో తోచలేదు. బిల్లు చూద్దామని కొలతల పుస్తకం తెరిచింది.

ఆ పుస్తకం వెనక ఒక కథ ఉంది. షాపు పెట్టిన కొత్తలో ఒకావిడ "నేనిచ్చిన గుడ్డ ఇది కాదు, మార్చేశావు" అని నడివీధిలో నిలబెట్టి కడిగేసింది. ఆ రోజునుంచి ఎవరు గుడ్డ తెచ్చినా టైలరమ్మ ఒక మూల వేలెడంత ముక్క కత్తిరించి, దానిమీద వాళ్ళచేతే సంతకం పెట్టించి, వాళ్ళ కొలతల పేజీకి గుండుసూదితో గుచ్చి ఉంచుతోంది. దారం తెగినా ఆధారం తెగకూడదని ఆమె సిద్ధాంతం. మిషన్ కొన్న రోజున కూడా చెయ్యి ఊరుకోలేదు. షాపులో యజమాని మెరిసే లైనింగు ముక్క మీద నాలుగు వరసలు కుట్టి చూపించగానే, "ఆ ముక్క నాకివ్వండి సారూ, దానిమీద మీ షాపు ముద్ర కూడా వేయండి" అన్నది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "గుడ్డ మీద ముద్ర అడిగిన మొదటి కస్టమరు మీరేనమ్మా!" అన్నాడు. గుడ్డముక్కే కదా అని గుడ్డిగా తేదీతో సహా ముద్ర కొట్టి ఇచ్చాడు.

ఇప్పుడు ఆ ముక్క బిల్లుతో కలిసి ఒకే గుండుసూదికి వేలాడుతోంది. టైలరమ్మ దాన్ని తిప్పి చూసింది. కుట్టుమిషన్లో సూది కింద ఇనుప పళ్ళుంటాయి. గుడ్డను కరిచి వెనక్కి నెట్టేవి అవే. మెత్తటి లైనింగు మీద వాటి గాట్లు పడితే అలాగే ఉండిపోతాయి. ముక్క అడుగున గాట్లు మూడు వరసలున్నాయి.

ఆమె గబగబా అలాంటిదే మరో లైనింగు ముక్క తీసి తన మిషన్ మీద కుట్టింది. తిప్పి చూసింది. రెండు వరసలే. మిషన్ మీద రేకు విప్పి చూసింది. లోపల పళ్ళూ రెండు వరసలే.

ఇరవై రోజుల్లో మనిషికి పన్ను ఊడవచ్చు గానీ, మిషన్‌కు ఒక వరసకు వరసే ఊడిపోదు. షాపులో చూపించిన మిషన్ ఒకటి, ఇంటికి పంపింది ఇంకొకటి!

"కుట్టులో లోపం కాదు, కుట్రలో లోపం," అని టైలరమ్మ మొదటిసారి నవ్వింది. ఆ రాత్రి అన్నం కడుపునిండా తిన్నది. అది చూసి అత్తగారు, రేపటినుంచి జైలు కూడే కదా అనుకుని, ఇంకో గరిటె వడ్డించి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మర్నాడు ఇస్త్రీ మామయ్య తన బండి మీంచి బొగ్గుల పెట్టె దించేసి మిషన్ ఎక్కించుకున్నాడు. "డబ్బులొద్దమ్మా. ఇలాంటప్పుడు కూడా తీసుకుంటే నేను మనిషినేనా?" అన్నాడు బొంగురుగా. వెనక అత్తగారు ఒక లావుపాటి సంచీతో, ఆవిడ వెనక వీధిలోవాళ్ళు పదిహేనుమంది. అందరి మొహాలూ ఉతికి ఆరేసినట్టున్నాయి.

"ఇంతమందెందుకు?" అంది టైలరమ్మ.

"నీకు తోడమ్మా. మేమున్నాం, ధైర్యంగా ఉండు."

ఒక మిషన్ పాడైతే ఇంత ఏడ్చే మంచివాళ్ళ మధ్య బతుకుతున్నానా అని ఆమెకు గుండె నిండిపోయింది.

షాపులో యజమాని ఈ దండును చూసి నవ్వు సగంలో ఆపేశాడు. అతని తలమీద గోడకు ఒక బోర్డు: "అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు."

"ఫోనులో చెప్పానుగా అమ్మా, వాడకంలో లోపం. పైగా బోర్డు చూశారుగా!"

"చూశాను సారూ. నేనూ నా షాపులో ఒకటి రాయించుకుంటా. 'కుట్టిన చొక్కా పొట్టిదైతే, తొడుక్కునేవారే పొట్టిగా అవ్వవలెను' అని. ఒప్పుకుంటారా?"

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వి, సందర్భం గుర్తొచ్చి నోరు మూసుకున్నారు.

టైలరమ్మ కొలతల పుస్తకం బల్ల మీద తెరిచింది. "ఈ ముక్క మీ షాపులో కుట్టింది. ముద్ర మీది. తేదీ బిల్లు మీదున్న తేదీయే. దీనికి మూడు వరసల పళ్ళు పడ్డాయి. మీరు పంపిన మిషన్‌కు రెండు వరసలే ఉన్నాయి. మూడో వరస ఎక్కడ సారూ?"

యజమాని ముక్కను అటూ ఇటూ తిప్పాడు. "పళ్ళదేముందమ్మా, గుడ్డను బట్టి పడతాయి. ఇవన్నీ మీకు తెలియవు."

"నాకు తెలియదు సరే. తెలిసినాయన్నే అడుగుదాం." ఆమె షాపు మూలన బల్ల దగ్గర కూర్చున్న ముసలి మెకానిక్ వైపు తిరిగింది. "తాతా, మీరు చెప్పండి. ఈ గుడ్డ ఈ మిషన్ మీద కుట్టిందేనా?"

మెకానిక్ యజమాని మొహం చూశాడు. యజమాని కళ్ళతోనే ఏదో చెప్పాడు. ముసలాయన కళ్ళజోడు పెట్టుకుని ముక్క చూశాడు, వంగి మిషన్ చూశాడు, కళ్ళజోడు తీసేశాడు.

"కాదమ్మా. ఈ మిషన్ ఆమధ్య ఎవరో వాపసు ఇచ్చింది. కుట్టు వదులుతోందని. నేనే విప్పి బిగించాను. కొత్త పెట్టెలో పెట్టమన్నది సారే."

"ఏయ్!" అన్నాడు యజమాని.

"నలభై ఏళ్ళుగా వీటిని విప్పుతున్నా సారూ. మిషన్ అబద్ధమాడదు. దాని తరఫున నేనెలా ఆడేది?"

టైలరమ్మ తల ఎత్తి బోర్డును మళ్ళీ ఒకసారి పైకి చదివింది.

"వాపసు తీసుకోం అని బోర్డు పెట్టి, వాపసు వచ్చిన మిషనే నాకు అమ్మారా సారూ?"

ఆపైన ఆమె గొంతు పెంచలేదు. పుస్తకంలోంచి మడిచిన కాగితం ఒకటి తీసింది. "ఇది వినియోగదారుల ఫోరానికి రాత్రే రాసి పెట్టుకున్న ఫిర్యాదు. అక్కడ పనిచేసే ఒకావిడ నా దగ్గరే బట్టలు కుట్టించుకుంటుంది. లాయరు లేకపోయినా నేనే ఇచ్చుకోవచ్చని చెప్పింది. నేను చూసి ఒప్పుకున్న మిషన్ ఇవాళే నాకివ్వండి. దాని నంబరు బిల్లు మీద రాసి సంతకం పెట్టండి. లేదంటే ఇక్కణ్ణుంచి నేరుగా అక్కడికే వెళతాను."

యజమాని కాగితం చూశాడు, మెకానిక్‌ను చూశాడు, గుమ్మం నిండా ఉన్న జనాన్ని చూశాడు. ఇన్నాళ్ళూ కనిపించని కుర్చీ ఎక్కణ్ణుంచో వచ్చింది. పావుగంటలో లోపలినుంచి కొత్త పెట్టె వచ్చింది. మెకానిక్ అందరి ముందూ విప్పాడు. టైలరమ్మ మొదట పళ్ళు లెక్కపెట్టింది: మూడు వరసలు. యూనిఫాం గుడ్డమీద మూరెడు కుట్టి, రెండు చేతులతో గట్టిగా లాగింది. విడిపోలేదు. ఆమె భుజాలమీంచి రెండు వారాల బరువు దిగిపోయింది. సోమవారానికి నలభై చొక్కాలు! ఈసారి నంబరు వేసిన బిల్లుతో పాటు ఈ గుడ్డముక్క మీద కూడా ముద్ర వేయించుకుంది. యజమాని ఈసారి నవ్వలేదు.

"ఇక పోదాం పదండి," అంది.

ఎవరూ కదలలేదు. అత్తగారు సంచీ గుండెకు హత్తుకుని అడిగింది: "మరి... పోలీసులు ఎప్పుడొస్తారే?"

"పోలీసులేంటి అత్తయ్యా?"

"నిన్న ఫోనులో నువ్వే అన్నావుగా, వారంటు వచ్చిందని, పదింటికి రమ్మన్నారని, పారిపోనని. అందుకే నీ బట్టలు సర్దుకొచ్చాను. లోపల చలిగా ఉంటుందట."

టైలరమ్మ సంచీ తెరిచింది. రెండు జతల బట్టలు, దువ్వెన, సబ్బు, అడుగున ఒక దుప్పటి. ఆమెకు వచ్చిన నవ్వు ఆగలేదు. నవ్వుతూనే ముసలావిడ బుగ్గమీద తడి తుడిచింది.

"వారంటు కాదు అత్తయ్యా, వారంటీ! కొన్న వస్తువు చెడిపోతే బాగుచేసిస్తామనో మార్చిస్తామనో షాపువాళ్ళు రాసిచ్చే మాట!" అని ఆవిడ మంచి చెవికీ, గుమ్మంలో ఉన్న పదిహేనుమందికీ వినబడేలా చెప్పింది.

షాపు అద్దాలు అదిరేలా నవ్వులు. వీధంతా పోగేసుకున్న ఏడుపు ఒక్కసారిగా దారి మార్చుకుంది. ఇస్త్రీ మామయ్య మాత్రం నవ్వు మధ్యలో ఆగి తల గోక్కున్నాడు. "అమ్మాయీ, కొన్న నెలకే కాలిపోయిందని నా కరెంటు ఇస్త్రీపెట్టె మూలన పడేసి మళ్ళీ బొగ్గులకొచ్చాను. దానికీ ఇలాంటి కాగితం ఏదో ఇచ్చారే! పోయిందనుకుని ఊరుకున్నా." ఇంకొకావిడకు ఫ్యాను గుర్తొచ్చింది. ఎవరింట్లో ఏ డబ్బా అడుగున ఏ కాగితం ఉందో అందరూ ఒకేసారి వెతుక్కోవడం మొదలుపెట్టారు. యజమాని చెమట తుడుచుకున్నాడు.

అత్తగారు ఇంకా కోడలి చెయ్యి వదల్లేదు. "అయితే నిన్ను ఎవరూ తీసుకుపోరన్నమాట."

"నన్నెందుకు తీసుకుపోతారు అత్తయ్యా? తప్పు చేసినవాడికి వారంటు, తప్పుడు సరుకు కొన్నవాడికి వారంటీ. వారంటు మనల్ని వెతుక్కుంటూ అదే వస్తుంది. వారంటీ అలా రాదు, దాచుకున్న కాగితం పట్టుకుని మనమే వెళ్ళి అడగాలి!"