మూడో సవతి

మా ఆయన్ని మొదట సంఘం లాక్కుంది. రెండేళ్లు దళంతో అడవుల్లో తిరిగాడు. రజాకార్లను తరమాలి కదా అని పళ్లు బిగబట్టుకున్నాను. యూనియన్ సైన్యం వచ్చాక ఇంటికి చేరాడు. బొగ్గుగనుల్లో నేర్చిన కరెంటు పని ఉండబట్టి, డోర్నకల్ స్టేషన్ పక్కన కొత్తగా కడుతున్న పవర్‌హౌస్‌లో కుదిరాడు. ఇక నా మొగుడు నాకు దక్కాడనుకున్నాను.

ఎక్కడ! అక్కడ ముగ్గురు సవతులు తయారయ్యారు. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లట. లావుపాటి తీగలకు తొడిగిన కడియాలు. వాటిని తుడుస్తాడు, తిప్పి తిప్పి చూస్తాడు, నిద్రలో కూడా వాటి ముచ్చటే. నేను కొత్త రవిక తొడుక్కుంటే మాత్రం కన్నెత్తి చూడడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఒక మధ్యాహ్నం తాడో పేడో తేల్చుకుందామని రొట్టెల మూటతో నేనే పోయాను.

“ఇంటికొస్తవా, వీటితోనే కాపురం పెడ్తవా?”

“జర ఆగరాదే,” అన్నాడు. “తీగెల ఎంత కరెంటు పోతుందో గీ కడెం రిలేకు చెప్తది. ఎక్కువైతే రిలే స్విచ్చును పడగొడ్తది. నువ్వు దళానికి కబురు తెచ్చేదానివి గదా, గట్లనే. యాబై మంది రజాకార్లొస్తుంటే ఇరవై మందే అని చెప్తే?”

“మీరంత సచ్చేటోళ్లు.”

“గందుకే ముందే చూస్తున్న. ఇంత అని లెక్క తెలిసిన కరెంటు పంపి, నిజం చెప్తుందా లేదా అని.”

రెండు కడియాలు నిజమే చెప్పాయి. అంతలో ఓవర్సీర్ వచ్చి విసుక్కున్నాడు.

“కొత్త సామానుకు గిన్ని పరీక్షలేంది ఓదెలూ? మాపటికి కరెంటియ్యాలె. యాకమ్మా, తీస్కపో నీ మొగన్ని!”

నాకు కావలసిందీ అదే. చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా లాక్కొచ్చాను. అక్కడ ఆగి అడిగాను.

“కడెం తప్పు చెప్తే ఏమైతది?”

“స్విచ్చు పడదు. బోర్డు అంటుకుంటది.”

“మాపటికి బోర్డు ముంగట ఎవరుంటరు?”

“నేనే.”

“నడువు లోపలికి. మూడోదాన్ని గూడ అడుగు.”

ఓవర్సీర్ గొణిగాడు. నేను వినిపించుకోలేదు. మూట ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. మా ఆయన మూడో కడియానికి కరెంటు పంపాడు. మీటరు ముల్లు రావలసిన చోటికి రాలేదు, సగంలోనే ఆగిపోయింది. ఓవర్సీర్ దగ్గరికొచ్చి ముల్లు వంక వంగి చూశాడు. మా ఆయన ఆ కడియాన్ని విప్పి కింద పెట్టాడు.

సవతి అబద్ధాలకోరని తేలినందుకు నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆయన చొక్కా పట్టుకున్నాను. సాయంత్రం ఆ బోర్డు ముందు నిలబడేది ఈ మనిషే కదా అని, ఎంతకీ వదల్లేదు.