సంపూర్ణమ్మ తల మీద ఒట్టు

నా భార్య సంపూర్ణమ్మను చంపినవాడు జోగేశ్వరరావు. ఆస్పత్రి కాగితం మీద పచ్చకామెర్లు అని రాశారు. అది వాళ్ళ మాట.

జోగేశ్వరరావుది తాగుడు మాన్పించే ఉద్యోగం. రాజమండ్రిలో అందుకోసం పెట్టిన సంఘం వాడికి జీతం ఇచ్చేది. అంతకుముందు బడిపంతులు. తణుకు చుట్టుపక్కల ఊళ్ళన్నీ మొదట సైకిలు మీద, తరవాత జీపులో తిరిగాడు. వెంట ఒక గాజు సీసా తెచ్చేవాడు. అందులో, మందునీళ్ళలో తేలుతూ, తాగి చచ్చిన ఎవడిదో కాలేయం. బల్ల మీద పెట్టి పిల్లల్ని కూడా దగ్గరికి పిలిచి చూపించేవాడు. ఆ సీసా మోసిన చేత్తోనే మా ఇంట్లో కాఫీ గ్లాసు అందుకున్నాడు. ఆ గ్లాసు మళ్ళీ నేను ముట్టలేదు.

మా ఊరి మగవాళ్ళు చక్కెర మిల్లుకు చెరకు బళ్ళు తోలేవాళ్ళు. తూకం కోసం పగలంతా వరసలో నిలబడాలి. పక్కనే సారా కొట్టు. నా బావమరిది బంగార్రాజు అక్కడే తాగుడు మరిగాడు. వాడి తల్లి వాణ్ణి కని పోయింది. సంపూర్ణమ్మ కాపురానికి వస్తూ తమ్ముణ్ణి చంకన వేసుకునే వచ్చింది. మాకు పిల్లలు పుట్టలేదు. వాడే ఆవిడకు కొడుకు.

జోగేశ్వరరావు ఎవరినీ తిట్టడు. తాగేవాణ్ణి విడిగా కూర్చోబెట్టుకుని వాడి ఏడుపంతా వింటాడు. దాన్ని ఇంగ్లీషులో కౌన్సిలింగ్ అంటారట. అంతా విన్నాక ఒక్కటే అడుగుతాడు, నీకు లోకంలో ఎవరంటే ప్రాణం అని. మర్నాడు సభలో ఆ ప్రాణమైన మనిషిని పిలిపించి, ఆ తల మీద తాగేవాడి చెయ్యి వేయించి ఒట్టు పెట్టిస్తాడు. ఏడుస్తూ చెప్పుకున్న మాటల్లోంచి ఉరితాడు ఏరుకోవడం, అదీ వాడు నేర్చిన విద్య.

మా ఊరి సభ బడి వసారాలో జరిగింది. ముందు చిట్టియ్యను లేపారు. వాడప్పటికే కొంచెం వేసుకుని ఉన్నాడు.

"మా ఆవిడ తలేనా మాస్టారూ? అయితే ఇప్పుడే వేస్తానండి. సాయంత్రానికల్లా తప్పేస్తాను."

జనం నవ్వారు. వాడి పెళ్ళాం వెనక నుంచి, "నా తల కావాలంటే ముందు నీ కాళ్ళ మీద నువ్వు నిలబడి రా," అంది. ఇంకా నవ్వారు.

జోగేశ్వరరావు నవ్వలేదు. "అందుకే చిట్టియ్యా, పోతే పోయిందనుకునే తల నాకొద్దు," అన్నాడు. బంగార్రాజును పిలిచాడు. సంపూర్ణమ్మను పిలిచాడు. ఆవిడ కొంగు తల మీదికి లాక్కుని వెళ్ళి నిలబడింది. వాడు చెయ్యి వేశాడు. నేను మళ్ళీ తాగితే మా అక్క నాకు దక్కదు అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూడలేక నేను వసారా దిగిపోయాను.

వర్షాకాలం అంతా వాడు ముట్టలేదు. మళ్ళీ చెరకు బళ్ళు కదిలాయి. వాడూ తాగాడు. బావిగట్టు దగ్గర నోరు కడుక్కుంటుంటే ఆవిడ వాసన పట్టింది. అప్పుడు నాకు చెప్పలేదు.

ఆ నెలలోనే ఆవిడకు కామెర్లు వచ్చాయి. మా ఊళ్ళో ఆ ఏడు చాలామందికి వచ్చాయి. కాలవ నీళ్ళు పాడయ్యాయి. అందరూ పసరు తాగి, చప్పిడి తిని బాగుపడ్డారు. సంపూర్ణమ్మ ఒక్కతే జబ్బు దాచింది. తాను మంచాన పడితే, తమ్ముడు ఒట్టు తప్పాడని ఊరంతటికీ తెలిసిపోతుంది. అంచేత రోజూ ముఖానికీ చేతులకీ పసుపు దట్టంగా రాసుకుంది. ఆడవాళ్ళు పసుపు రాసుకుంటే ఎవరు వింతగా చూస్తారు? కళ్ళు దించుకుని అన్నం వడ్డించేది. చీర మీద చారు ఒలికిన రోజున పైకి చూసింది. కళ్ళు చేమంతిపూలలా ఉన్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"మెల్లగా మాట్లాడండి. వాడు వసారాలో ఉన్నాడు."

కాకినాడ పెద్దాసుపత్రికి పద అన్నాను.

"ఒట్టు తగిలినదానికి సూది ఏం చేస్తుందండి? నన్ను మోసుకుని వీధిలోంచి వెళ్తే, వాణ్ణి నడిబజార్లో చెప్పుతో కొట్టించినట్టే కదా. నేను రాను."

నేను చదివింది ఊరి బడిలో. ఒట్టూ లేదు గిట్టూ లేదు అని నేనంటే ఆవిడ వినదు. ఒట్టు పెట్టించినవాడే చెప్పాలి. వాడు ఒక్క మాట అంటే ఆవిడ లేచి బండి ఎక్కుతుంది. రాజమండ్రి వెళ్ళాను.

"ఒట్టు మీరే పెట్టించారు. మీరే తీసి గట్టున పెట్టండి. అదంతా ఉత్తదే, భయపెట్టడానికి చేయిస్తాం అని ఆవిడతో చెప్పండి."

"అయ్యో, ఎంతమాట సూర్యప్రకాశం గారూ. తప్పకుండా వస్తాను," అన్నాడు.

వచ్చాడు. అప్పటికి ఆవిడ మంచం పట్టింది. జీపు చూసి ఊళ్ళో ఒట్టు వేసినవాళ్ళంతా మా అరుగు మీద చేరారు. బంగార్రాజు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. జోగేశ్వరరావు మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

సంపూర్ణమ్మ గొంతు తగ్గించి అడిగింది. "ఉన్నమాట చెప్పండి బాబూ. ఒట్టు తప్పితే నిజంగా తగులుతుందాండి?"

వాడు ఆవిడ వంక చూశాడు. తరవాత అరుగు వంక చూశాడు. అరుగు మీద అందరూ చెవులు ఇక్కడే పెట్టి ఉన్నారు. తగలదు అంటే వాళ్ళంతా ఆ సాయంత్రమే సారా కొట్టుకు పోతారు. వాడి ఉద్యోగమూ పోతుంది.

"అంతా ఆ భీమేశ్వరుడి దయ అమ్మా. మందు వాడుతూ ఉండండి. మంచే జరుగుతుంది," అన్నాడు.

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

జీపు ఎక్కబోతుంటే పట్టుకున్నాను. "అందరి ముందూ ఎలా చెప్పమంటారండి? నా పరిస్థితి మీరూ ఆలోచించాలి," అన్నాడు. గొంతు చాలా మెత్తగా ఉంది. అందరి ఏడుపూ విని విని అలవాటైన మెత్తదనం.

తెలివి తప్పాక టాక్సీలో వేసుకుని కాకినాడ తీసుకెళ్ళాను. డాక్టరు ఆలస్యమైందన్నాడు. అక్కడే పోయింది.

బంగార్రాజు ఆ తరవాత తాగలేదు. వాడు తాగకపోవడం కూడా నాకు అసహ్యమే. ఆ సంఘంవాళ్ళు వాణ్ణి ఉద్యోగంలో పెట్టుకున్నారు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మైకు ముందు నిలబడి, మా అక్కను నేనే చంపుకున్నానండీ అని ఏడుస్తాడు. ఊరూరా ఏడుస్తాడు. ఎక్కడ గొంతు పూడాలో, ఎక్కడ నీళ్ళు తాగాలో వాడికి బాగా తెలిసిపోయింది. జోగేశ్వరరావు పక్కన కూర్చుని, ఒట్టు తప్పితే ఏమవుతుందో విన్నారుగా అంటాడు. మగాళ్ళు మానేస్తున్నారట. మానేస్తే మానేయనీ.

మొన్న ఇద్దరూ జీపులో మా ఇంటికి వచ్చారు. సంఘంలో కొత్తగా చేరినవాళ్ళకి పిఠాపురంలో శిక్షణ పెడుతున్నారట.

"మీరు వచ్చి ఒక్క నాలుగు మాటలు చెబితే చాలండి," అన్నాడు జోగేశ్వరరావు. "భర్త నోటివెంట వస్తే ఆ బలం వేరు."

"అక్క ఫొటో ఉంది కదా బావా," అన్నాడు బంగార్రాజు. "మా దగ్గర స్లైడు మిషను ఉంది. తెర మీద పెద్దగా వేస్తాం. జనం అక్క ముఖం చూడాలి."

"ముఖం నువ్వు చూశావా?" అన్నాను.

వాడు జోగేశ్వరరావు వంక చూశాడు.

"నెల్లాళ్ళు పసుపు రాసుకుని నీకు అన్నం పెట్టింది. తిన్నావు. ఒక్కసారైనా చూశావా?"

వాడి గొంతు పూడింది. సభల్లో పూడినట్టే పూడింది. జోగేశ్వరరావు వాడి భుజం మీద చెయ్యి వేసి, "బయటికి రానీ బంగార్రాజూ, లోపల పెట్టుకోకు," అన్నాడు.

నేను లేచి తలుపు బార్లా తీశాను. ఇద్దరినీ బయటికి నడవమన్నాను.

"మీ బాధ మాకు తెలుసండి," అన్నాడు జోగేశ్వరరావు గుమ్మంలో. "మీరు ఎవరితోనైనా చెప్పుకోవాలి. అలా మనసులో దాచుకోకూడదు."

ఇక్కడ చెప్పాను. ఒక్కసారికి చాలు. ఫొటో ఇవ్వను. పిఠాపురం వెళ్ళను. ఇకమీదట ఈ సంగతి ఎవరు అడిగినా, వాళ్ళు అయినవాళ్ళైనా, నా నోరు పెగలదు.