డాక్టరమ్మ ఉండగా

అర మార్కు. ఈజిప్టులో మా టాంటా పట్నం మొత్తం మీద రిహాబ్ కంటే బాగా చదివిన పిల్లలు చాలా తక్కువ. అయినా మార్కులు చూసి సర్కారు సీట్లు పంచినప్పుడు ఆమెకూ వైద్య కళాశాలకూ మధ్య అర మార్కు అడ్డం పడింది. సైన్సు కాలేజీలో భూగర్భశాస్త్రం ఇచ్చారు. రాళ్ళ చదువు.

చిక్కంతా పిలుపుతో వచ్చింది. మా వీధుల్లో పిల్ల చురుగ్గా కనిపిస్తే చాలు, సీటు రాకముందే డాక్టరమ్మను చేసేస్తారు, అదో రోగం. రొట్టెల దుకాణంవాడితో సహా అందరూ రిహాబ్‌ని చిన్నప్పటినుంచీ అలాగే పిలిచారు. ఆ పిలుపు ఇక వద్దని గడపగడపకూ వెళ్ళి చెప్పడానికి తల్లి ఇంతిసార్‌కి నోరు రాలేదు. రాళ్ళ చదువుకూ తెల్లకోటు ఉంటుంది కదా! దాన్ని ఉతికి వీధివైపు బాల్కనీలోనే ఆరేసేది.

అలా ఆ ఇంట్లోకి డాక్టరమ్మ అనే ఇంకొక పిల్ల వచ్చి చేరింది. పళ్ళెంలో పెద్ద మాంసం ముక్క ఆ పిల్లకి. పెళ్ళి మాటలు ఆ పిల్లకి. తల్లి నవ్వి మాట్లాడేదీ ఆ పిల్లతోనే. కాలేజీలో చేరిన ఈ మూడేళ్ళలో ఇంట్లో కూడా రిహాబ్‌ని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. అద్దంలో చూసుకుంటే తన వెనక ఎవరో నిలబడ్డట్టు ఆమెకి భయం వేసేది.

ఒక మధ్యాహ్నం పై అంతస్తులో ఉండే ఉమ్ రషాద్ వచ్చి తలుపు బాదింది.

"డాక్టరమ్మా, ఒక్కసారి పైకి రా తల్లీ! మా ఆయనకి గుండెల్లో ఎలాగో ఉందట!"

రిహాబ్ తల్లివైపు చూసింది. ఇంతిసార్ గొంతు తగ్గించింది. "వెళ్ళవే. చెయ్యి పట్టుకుని, ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పి వచ్చెయ్. నీ సొమ్మేం పోయింది?"

పైన ఆమె భర్త హాజీ ఖుత్బ్ దిండుకి ఆనుకుని ఉన్నాడు. ముఖం పాలిపోయి, మెడ నిండా చెమట. నోరు మాత్రం మూతపడలేదు.

"వచ్చావా? ఫీజు కింద మా ఆవిణ్ణి తీసుకుపో."

రిహాబ్ ఆయన చెయ్యి పట్టుకుంది. నాడి ఎక్కడ దొరుకుతుందో కూడా ఆమెకి సరిగ్గా తెలియదు.

"తాతా, ఆసుపత్రికి వెళ్దాం. ఇప్పుడే."

"డాక్టరమ్మ ఇంట్లో ఉండగా ఆసుపత్రెందుకే? కూర్చో, కాస్త గాలి పట్టేసింది, అంతే."

"కాదు తాతా, నేను..."

గుమ్మంలో ఇంతిసార్ నిలబడి ఉంది. కళ్ళతోనే కూతుర్ని బతిమాలుతోంది.

"నేను ఇంకా చదువుకుంటున్నాను," అంది రిహాబ్.

"చదివేవాళ్ళకే అన్నీ గుర్తుంటాయి," అని నవ్వాడు హాజీ. ఉమ్ రషాద్ కుదుటపడి పుదీనా టీ పెట్టడానికి వెళ్ళింది. డాక్టరమ్మే పక్కనుంది కదా అని ఎవరూ ఆసుపత్రి బండిని పిలవలేదు. టీ మరిగేలోపే ఆయన తల పక్కకి వాలిపోయింది.

పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళతో ఇల్లు నిండిపోయింది. చావింటి ఆనవాయితీగా చక్కెర లేని కాఫీ తిరుగుతోంది. ఉమ్ రషాద్ రిహాబ్‌ని పక్కనే కూర్చోబెట్టుకుని వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది.

"చివరి గడియలో డాక్టరమ్మ చెయ్యి పట్టుకునే పోయారు. ఆ భాగ్యం ఎందరికి ఉంటుంది?"

రిహాబ్ కప్పు కింద పెట్టింది. ఇంతిసార్ వేళ్ళు ఆమె మోకాలిని గట్టిగా నొక్కాయి. ఈసారి ఆమె తల్లివైపు చూడలేదు.

"నేను డాక్టర్ని కాదు మామ్మా," అంది గట్టిగా. "ఎప్పుడూ కాదు. ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే తాత ఆసుపత్రికి వెళ్ళేవాడు."

ఉమ్ రషాద్ ఆమె ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. గుండెకి హత్తుకుంది.

"అలా అనకు తల్లీ. చేతిలో మొదటి ప్రాణం పోయినప్పుడు డాక్టర్లందరికీ ఇలాగే అనిపిస్తుందట."

"పాపం, ఎంత మెత్తటి మనసో!" అన్నారు ఆడవాళ్ళు. ఇంతిసార్ ఊపిరి పీల్చుకుంది.

రిహాబ్ మళ్ళీ నోరు తెరిచేలోగా వెనకనుంచి ఎవరో ముసలావిడ ఆమె భుజం పట్టి లాగింది.

"డాక్టరమ్మా, ఈ మధ్య నాకూ ఎదలో పట్టేసినట్టుంటోంది. చూస్తావా?" అంటూ చెయ్యి చాపింది.