రెండు పాకెట్ల కల్లుప్పు

గంగులు అద్దానికి ముక్కు ఆనించి చేపను చూస్తున్నాడు. చీపురు ఇంకా చంకలోనే ఉంది. విజయనగరంలో ఆ పళ్ళ ఆసుపత్రి ముందుగది ఊడ్చి, కుర్చీలు తుడిచి, తొట్టెలో చేపకు మేత వెయ్యడం నాలుగేళ్ళుగా అతని పొద్దుటి పని. ఇవాళ వేసిన మేత వేసినట్టే తేలుతోంది. అరచెయ్యంత నారింజరంగు గోల్డ్ ఫిష్, మోటారు పక్కన తల వేలాడేసి ఉంది. తోకమీదా రెక్కలమీదా బొంబాయిరవ్వ చల్లినట్టు తెల్లటి పొక్కులు.

"ఓలమ్మో! ఈయేలే దొరికిందేటే నీకు?" అన్నాడు.

యాభై రెండేళ్ళ మనిషి. నల్లటి బలమైన ఒళ్ళు, ఎడంకాలు కాస్త ఈడుస్తాడు. బోటుమీంచి పడి మోకాలు విరిగాకే ఈ కాపలా పనిలో చేరాడు. కాలు కుదిరాక వెళ్ళిపోదామనుకున్నాడు. కాలు ఎప్పుడో కుదిరింది.

సముద్రంలో చేపల వేట నిషేధం ఇవాళ్టితో సరి. రేపు తెల్లారగట్ల తన ఊరు చింతపల్లి తీరంలో బోట్లకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, నీళ్ళలోకి తోస్తారు. మొదటి వేటనాడు ఎక్కినవాడిదే ఆ బోటులో ఏడాదంతా చోటు. ఎక్కనివాడు వచ్చే ఏడాది దాకా గట్టుమీదే. కాలు కుదిరాక కూడా గంగులు మూడేళ్ళుగా గట్టుమీదే ఉన్నాడు. ఒకసారి డాక్టరమ్మ కాశీ వెళ్ళింది, ఒకసారి గోడలకు రంగులు, ఇంకోసారి మరేదో. ఈసారి మేనల్లుడు ఈశ్వర్ తన బోటులో చోటు ఉంచాడు. ఐదున్నర బస్సుకు వెళ్ళాలి. బట్టల సంచీ బల్లకింద సిద్ధంగా ఉంది.

డాక్టర్ సుహాసిని వచ్చి చేపను చూసి కంగారుపడింది. "అత్తయ్యగారు వాస్తుకని పెట్టించారు గంగులూ. ఇలా వదిలేసి వెళ్తే ఎలా? అది తేరుకున్నాక వెళ్ళు. చేపల సంగతి నీకు ఒకళ్ళు చెప్పాలా!"

ఆవిడ మంచిదే. అదే వచ్చిన చిక్కు. కేకలేసే మనిషైతే గంగులు ఏనాడో సంచీ భుజాన వేసుకునేవాడు.

ఇంతకీ చేపల సంగతి అతనికి తెలిసిందెంత? చచ్చిన చేప మొప్ప ఎత్తి, ఎర్రగా ఉంటే తాజా, తెల్లబోతే నిన్నటిది అని చెప్పగలడు. చేపకు జబ్బేమిటి, వైద్యమేమిటి! సముద్రంలో నలతపడ్డదాన్ని పెద్దది మింగేస్తుంది, అక్కడితో సరి. అయినా అలవాటు కొద్దీ దాన్ని బయటికి తీసి మొప్ప ఎత్తి చూశాడు. ఎరుపు తగ్గింది. గబుక్కున మళ్ళీ నీళ్ళలో వదిలి, చేపల కొట్టు ధనరాజ్‌కి ఫోన్ చేశాడు.

"తెల్లమచ్చల జబ్బు," అన్నాడు ధనరాజ్. "బిందెడు నీళ్ళకి రెండు సెంచాలు కల్లుప్పు. అంతకి మించొద్దు. మూడు రోజుల్లో పొక్కులు రాలిపోతాయి."

"సాయంత్రానికి అవ్వదేటి?"

"సేప బావా అది, బల్బు కాదు నొక్కితే ఎలగడానికి."

చెప్పినట్టే వేశాడు. మధ్యాహ్నానికీ చేప ఆ మూలనే ఉంది. రెండు గంటలకు ఈశ్వర్ ఫోన్.

"మావా, బయలెల్లినావా? నీ చోటు లక్ష్ముడు అడుగుతన్నాడు. సీకటి పడేలోగా నువ్వు రాపోతే ఆడికిచ్చేస్తాం."

"వస్తన్నానొరే. ఆడికివ్వకండి."

ఫోన్ పెట్టి, తొట్టెలో వేలు ముంచి నాలికమీద పెట్టుకున్నాడు. చప్పన. థూ, ఇవీ నీళ్ళేనా? చిన్నప్పుడు గజ్జి వచ్చినా, కాలు కోసుకున్నా వాళ్ళమ్మ సముద్రంలో ముంచి లేపేది, మానిపోయేది. ఉప్పే లేని నీళ్ళలో ఏ చేపకు బలం వస్తుంది? కొట్టుకెళ్ళి రెండు పాకెట్ల కల్లుప్పు తెచ్చాడు. గుప్పెడు వేసి, కలిపి, రుచి చూశాడు. మళ్ళీ గుప్పెడు. రెండో పాకెట్ అడుగంటాక నాలిక గుర్తుపట్టింది. ఊరి సముద్రం నీళ్ళు! అతనికి కళ్ళు చెమర్చాయి.

చేప ఒక్క ఉదుటున లేచి తొట్టెంతా చుట్టేసింది. అద్దానికి గుద్దుకుంటూ పైకీ కిందికీ ఒకటే పరుగు.

"అరె, లేచిందే!" అంది సుహాసిని తొంగిచూసి. "నీ చెయ్యి మంచిదయ్యా. ఇంక వెళ్ళిరా."

గంగులు ఆనందం ఇంతా అంతా కాదు. పాత చొక్కా మార్చుకున్నాడు, సంచీ తీశాడు. ఐదు కావస్తోంది. గడప దాటబోతూ ఒక్కసారి వెనక్కి చూశాడు.

చేప పక్కకి వాలి ఉంది.

సంచీ కింద పెట్టి చెయ్యి ముంచాడు. గుప్పెట్లో రెండుసార్లు నోరు తెరిచి ఊరుకుంది. ఎన్ని వేల చేపలు ఆ చేతుల్లో చచ్చాయో! అయినా ఈ ఒక్కదాన్ని కింద పెట్టలేకపోయాడు.

"నానే సంపేసినానమ్మా. ఉప్పు ఎక్కువేసినాను."

సుహాసిని దగ్గరికి వచ్చి చేపను చూసింది. "పోనీలే. వాస్తు చేప చచ్చిపోతే మన గండం తీసుకుపోయినట్టేనంటారు. నువ్వు బాధపడకు. ధనరాజ్‌తో చెప్తాను, రేపు ఇంకోటి తెస్తాడు. అది అలవాటుపడేదాకా ఒక్క వారం ఉండు. ఆ తరవాత నీ ఇష్టం."

ఒక్క తిట్టు తిట్టినా బాగుండును. చంపినవాడు ఏ మొహం పెట్టుకుని వెళ్తాననాలి?

"సరేనమ్మా," అన్నాడు.

చేపను పెరట్లో మందారం మొదట్లో పాతిపెట్టి చేతులు కడుక్కున్నాడు. ఈశ్వర్‌కి తనే ఫోన్ చేశాడు. "లక్ష్ముణ్ణి ఎక్కించుకోండొరే," అని, అవతలివాడు ఏమంటాడో వినకుండా పెట్టేశాడు. సంచీ మళ్ళీ బల్లకింద పెట్టాడు.

ముందుగదిలో తొట్టె మోటారు ఆపడం ఎవరికీ గుర్తు రాలేదు. చేప లేని ఉప్పునీళ్ళలో అది బుడగలు వదులుతూనే ఉంది.